వేడెక్కాక ఆగిపోతున్న ఎంజీబీ: ఏ కాయిల్ కొనాలి?

రబ్బరు_బంపర్
నాది 1977 ఎంజీబీ, పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. స్పార్క్‌ని ప్లగ్గులకు పంచేది పాయింట్ల డిస్ట్రిబ్యూటర్ (పాయింట్లంటే దాని లోపల తెరుచుకుంటూ మూసుకుంటూ కాయిల్ కరెంటుని తెంపే చిన్న స్విచ్). కొని ఎనిమిది నెలలైంది. చల్లగా ఉన్నప్పుడు ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. అరగంట, నలభై నిమిషాలు తిరిగాక మిస్సింగ్ మొదలవుతుంది. నాలుగైదు సార్లు ఎగిరెగిరి పడి ఆగిపోతుంది. బానెట్ ఎత్తి ఇరవై నిమిషాలు నిలబడితే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్ట్.

మొదట పెట్రోల్ రావడం లేదనుకున్నా. పంపు మార్చా, ఫిల్టర్ మార్చా. ప్లగ్గులు, ప్లగ్ వైర్లు, డిస్ట్రిబ్యూటర్ క్యాప్ అన్నీ కొత్తవే. నిన్న ఆగినప్పుడు ఊరికే కాయిల్ (బ్యాటరీ 12 వోల్టుల్ని స్పార్క్‌కి కావలసిన వేల వోల్టులు చేసే డబ్బా) మీద చెయ్యి పెట్టా. పెట్టిన చెయ్యి పెట్టినట్టే వెనక్కొచ్చింది, అంత వేడి.

అందుకే కాయిల్ మార్చాలని ఫిక్సయ్యా. తీరా చూస్తే ఒకటా రెండా! "12 వోల్ట్ స్టాండర్డ్" అంటాడొకడు, "బ్యాలస్ట్ సిస్టమ్‌కు మాత్రమే" అని ఇంకొకటి, "స్పోర్ట్స్, 40,000 వోల్టులు" అని బంగారు రంగు డబ్బా మరొకటి. నా కాయిల్‌కి పాత ఓనర్ నల్ల పెయింట్ కొట్టేశాడు, దాని మీద అక్షరం ముక్క కనబడదు. ఏది కొనమంటారు?

చోక్_లాగు
బంగారు రంగుది కొని పడేయ్ గురూ. నేను పెట్టి ఆరేళ్లయింది. మళ్లీ కాయిల్ ఊసెత్తలేదు.

ఓమ్_శాంతి
ఆగండాగండి. రంగు చూసి కొనడానికి ఇది చీర కాదు. ముందు మీ బండిలో బ్యాలస్ట్ ఉందో లేదో తేల్చుకోవాలి. అది తేలకుండా ఏ కాయిల్ కొన్నా గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

సంగతి ఏమిటంటే, పాయింట్ల బండ్లకు వచ్చే కాయిల్స్ ముఖ్యంగా రెండు రకాలు. ఒకదాని ప్రైమరీ (బ్యాటరీ కరెంటు పారే లోపలి చుట్ట) రెసిస్టెన్స్ సుమారు 3 ఓమ్స్. బ్యాటరీ 12 వోల్టులు నేరుగా ఇచ్చినా 4 ఆంపియర్లే తీసుకుంటుంది, పాయింట్లు తట్టుకుంటాయి. రెండోది సుమారు 1.5 ఓమ్స్. దీనికి నేరుగా 12 ఇవ్వకూడదు. మధ్యలో ఇంకో 1.5 ఓమ్స్ రెసిస్టర్ ఉండాలి, దాన్నే బ్యాలస్ట్ అంటారు. బండి నడుస్తున్నప్పుడు కాయిల్‌కి ఆరేడు వోల్టులే అందుతాయి. సెల్ఫ్ కొట్టేటప్పుడు మాత్రం బ్యాలస్ట్‌ని తప్పించి నేరుగా బ్యాటరీ కరెంటు ఇస్తారు. చలిలో సెల్ఫ్ మోటార్ దెబ్బకు బ్యాటరీ 9 వోల్టులకు పడిపోయినా స్పార్క్ గట్టిగా రావాలని ఈ ఏర్పాటు.

రబ్బరు బంపర్ల ఎంజీబీలన్నీ ఫ్యాక్టరీ నుంచి బ్యాలస్ట్‌తోనే వచ్చాయి. కానీ అక్కడ పింగాణీ రెసిస్టర్ ఏదీ కనబడదు. వైరింగ్ కట్టలోనే దాగున్న రెసిస్టెన్స్ వైరు అది. కళ్లకు కనబడదు కాబట్టి లేదనుకుంటారు, అక్కడే వస్తుంది తంటా.

ఒక మల్టీమీటర్ తీసుకోండి. రెండు కొలతలు చెప్పండి చాలు: కాయిల్ ప్లస్ దగ్గర వోల్టేజీ, కాయిల్ రెసిస్టెన్స్.

నల్ల_చేతులు
మీటర్లు గీటర్లు తర్వాత. వేడెక్కాక ఆగి, చల్లారాక స్టార్ట్ అయ్యే బండి అంటే నేను ముందు చూసేది కండెన్సర్, పాయింట్లు తెరుచుకునేటప్పుడు వాటి మధ్య మంట లేవకుండా చూసే చిన్న డబ్బా. దాని ఖరీదెంత, కాయిల్ ఖరీదెంత? అయినా అందరూ కాయిల్ మీదే పడతారు, పైకి కనిపించేది అదే కాబట్టి.

పాయింట్_గ్యాప్
ఓమ్స్ గురించి ఓమ్_శాంతి చెప్పడం... ఆ పేరు ముందే ఆలోచించి పెట్టుకున్నారా?

ఓమ్_శాంతి
పేరు పెట్టుకున్నది ధ్యానం కోసం. పాత బండి కొన్నాక అర్థం మారింది.

మైనర్_తాతయ్య
నల్ల_చేతులు చెప్పిందాంట్లో నిజముంది. కానీ కాయిల్ చెయ్యి కాలేంత వేడెక్కితే కండెన్సర్ ఒక్కటే కారణం కాదు. మామూలు కాయిల్ కూడా వేడెక్కుతుంది, గంట నడిపాక దాని మీద చెయ్యి పెట్టి కాసేపు ఉంచగలగాలి. పెట్టగానే తీసేస్తున్నారంటే ఎక్కువ కరెంటు లాగుతోంది.

ఇంకో మాట. బండి ఆగి ఉండగా కీ ఆన్‌లో మరిచిపోలేదు కదా? పాయింట్లు మూసుకున్న చోట ఇంజన్ ఆగి ఉంటే కాయిల్ గుండా కరెంటు ఆగకుండా పారుతూనే ఉంటుంది. రేడియో వింటూ అలా ఒక కాయిల్ వండేశాను నేను. లోపలి ఆయిల్ మూతి దగ్గర నుంచి కక్కింది.

రబ్బరు_బంపర్
కీ ఆన్‌లో వదల్లేదు. కానీ ఆయిల్ అన్నారు కదా, చూస్తే కాయిల్ మూతి చుట్టూ జిడ్డుగా తడి ఉంది, దానికి దుమ్ము అంటుకుని నల్లటి వలయంలా కట్టింది. ఇంజన్ ఆయిల్ చింది ఉంటుందనుకున్నా ఇన్నాళ్లూ.

మీటర్ పెట్టా. కీ ఆన్ చేసి, కాయిల్ ప్లస్ దగ్గర 12.4 వోల్టులు. అంటే బ్యాలస్ట్ లేనట్టే కదా? 3 ఓమ్స్ కాయిల్ ఆర్డర్ పెట్టేయనా?

ఓమ్_శాంతి
అప్పుడే పెట్టకండి! ఆ కొలత తీసుకున్నప్పుడు పాయింట్లు తెరిచి ఉన్నాయా, మూసి ఉన్నాయా?

రబ్బరు_బంపర్
అది కూడా చూడాలా?

పాయింట్_గ్యాప్
అసలు విషయమే అది. పాయింట్లు తెరిచి ఉంటే కరెంటు ఎక్కడికీ పారదు. కరెంటు పారకపోతే బ్యాలస్ట్‌లో వోల్టేజీ పడదు. బ్యాలస్ట్ ఉన్న బండిలోనైనా లేని బండిలోనైనా అప్పుడు 12 చూపిస్తుంది. మూతపెట్టిన కుళాయి దగ్గర పైపు సన్నమో లావో ఎలా తెలుస్తుంది? తిప్పితే కదా తెలిసేది.

ఇలా చేయండి. డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీసి పక్కన పెట్టండి. కీ ఆఫ్. నాలుగో గేరులో వేసి బండిని మెల్లగా ముందుకు తోయండి. రోటర్ తిరుగుతుంది, దాని కింద పాయింట్లు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. రెండూ అతుక్కున్న చోట ఆపండి. గేరు న్యూట్రల్ చేసి, కీ ఆన్ చేసి, ప్లస్ దగ్గర, మైనస్ దగ్గర రెండు చోట్లా కొలవండి. పది సెకన్లలో కీ ఆఫ్ చేసేయండి.

తోయడానికి మనిషి లేకపోతే కాయిల్ మైనస్ నుంచి ఒక వైరు ముక్క తెచ్చి ఇంజన్ బాడీకి ఆనించినా అదే పని.

ఓమ్_శాంతి
రెసిస్టెన్స్ కొలిచేటప్పుడు కాయిల్ రెండు వైర్లూ పీకేయండి. మీటర్ 200 ఓమ్స్ రేంజ్‌లో. ముందు మీటర్ రెండు ముళ్లూ ఒకదానికొకటి తాకించి ఎంత చూపిస్తుందో రాసుకోండి, అది మీటర్ వైర్లదే. తర్వాత దాన్ని తీసేయాలి. ఇంత చిన్న కొలతలో 0.2 కూడా లెక్కే.

కాయిల్ చల్లగా ఉన్నప్పుడే కొలవండి. రాగి వేడెక్కితే రెసిస్టెన్స్ డిగ్రీకి సుమారు 0.4 శాతం పెరుగుతుంది. 3 ఓమ్స్ కాయిల్ 80 డిగ్రీల దగ్గర 3.7 చూపిస్తుంది. అది చూసి మంచి కాయిల్‌ని చెత్తబుట్టలో వేసిన మహానుభావుడొకడు నాకు తెలుసు. రోజూ అద్దంలో కనిపిస్తుంటాడు.

నల్ల_చేతులు
మీటరు చెప్పిందే వేదం కాదని కూడా చెప్పండి. మీటర్‌లో ఉన్నది చిన్న బ్యాటరీ. లోపల చుట్టల మధ్య ఇన్సులేషన్ వేడికి లీకవుతుంటే, అది 10 వేల వోల్టుల దగ్గర బయటపడుతుంది గానీ మీటర్‌కి దొరకదు. ఓమ్స్ సరిగ్గా ఉన్నా చచ్చిన కాయిల్స్ ఎన్ని చూశానో. మీటర్‌తో ఏ రకం కాయిలో తెలుస్తుంది, బతికుందో లేదో పూర్తిగా తెలియదు.

ఓమ్_శాంతి
ఒప్పుకుంటున్నా. ఇప్పుడు మనకు కావలసింది ఏ రకమనేదే.

బీటిల్_నీలం
మధ్యలో నా గోల. నాది 12 వోల్టుల బీటిల్. బాష్ నీలం కాయిల్, 3 ఓమ్స్‌కి కాస్త పైన. బ్యాలస్ట్ లేదు, గిలస్ట్ లేదు, హాయిగా ఉంది. అదే బాష్ ఎర్ర కాయిల్‌కి మాత్రం బ్యాలస్ట్ కావాలి. రంగు మీద రకం తెలిసేది అక్కడొక్కచోటే అనుకుంటా, మిగతా కంపెనీల రంగులు నమ్మకండి.

చోక్_లాగు
అంటే రంగు చూసి కొనొచ్చన్నమాట :)

రబ్బరు_బంపర్
పొద్దున బండి తోయడానికి మా ఆవిడని పిలిచా. "ఇది మనల్ని మోస్తుందని కొన్నావు" అంది. తోసింది, పాపం.

పాయింట్లు మూసి ఉండగా: ప్లస్ దగ్గర 11.9. మైనస్ దగ్గర 0.2.
మీటర్ ముళ్లు తాకిస్తే 0.2. కాయిల్ 1.6. అంటే 1.4 ఓమ్స్.

పాయింట్_గ్యాప్
అయ్యో.

ఓమ్_శాంతి
దొరికింది దొంగ. మీ కాయిల్ బ్యాలస్ట్ రకం, మీ వైరింగ్‌లో బ్యాలస్ట్ లేదు. 11.9 ని 1.4 తో భాగిస్తే ఎనిమిదిన్నర ఆంపియర్లు. ఉండాల్సింది నాలుగు. కీ ఆన్ చేసి పాయింట్లు మూసుకుని ఉన్నప్పుడు ఆ చిన్న డబ్బాలో 100 వాట్లు, అంటే దాదాపు రెండు హెడ్‌లైట్ బల్బుల వేడి! బండి నడుస్తున్నప్పుడు పాయింట్లు తెరుచుకుంటూ ఉంటాయి కాబట్టి అంత ఉండదు గానీ, ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువే. చల్లగా ఉన్నప్పుడు ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటోందన్నారే, అందుకోదా మరి, డబుల్ కరెంటు తాగుతోంది!

మైనస్ దగ్గర 0.2 అంటే పాయింట్ల ఎర్త్ (బాడీకి కలిసే దారి) పర్లేదు. కానీ ఇంత కరెంటు మోశాక ఆ పాయింట్ల మొహం ఎలా ఉందో చూడండి ఒకసారి.

రబ్బరు_బంపర్
చూశా. ఒకదాని మీద చిన్న గుంట, రెండోదాని మీద దానికి సరిపడా మొటిమ. చుట్టూ నీలం రంగు తిరిగింది. మార్చి నాలుగు నెలలే.

మరి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఆ దాగున్న వైరు ఏమైనట్టు?

మైనర్_తాతయ్య
కాయిల్ ప్లస్‌కి వచ్చే వైర్లేమిటో చూడు నాయనా. ఆ మోడల్‌లో రెసిస్టెన్స్ వైరు గులాబీ, తెలుపు కలిసినది. సెల్ఫ్ సోలెనాయిడ్ (సెల్ఫ్ మోటార్‌కి కరెంటు ఇచ్చే స్విచ్) నుంచి వచ్చేది తెలుపు మీద లేత ఆకుపచ్చ గీత. ఆ రెండూ కాకుండా పెద్దమనిషి ఎవరో సొంతంగా వేసిన వైరు ఉంటుంది.

రబ్బరు_బంపర్
అచ్చం మీరు చెప్పినట్టే! తెలుపు-ఆకుపచ్చ ఉంది. గులాబీ-తెలుపు వైరు కొస కత్తిరించి, టేపు చుట్టి, కట్టలోకి దోపేసి ఉంది. ప్లస్‌కి ఒక లావు ఎర్ర వైరు ఉంది, ఫ్యూజు బాక్సు దగ్గర కీ ఆన్‌తో వచ్చే కరెంటుకి కలిపారు. ఎందుకలా చేసి ఉంటారు?

నల్ల_చేతులు
చెప్తా విను. ఆ రెసిస్టెన్స్ వైరు ఎక్కడో తెగింది. అప్పుడు ఎలా ఉంటుందంటే, సెల్ఫ్ కొడుతున్నంతసేపూ ఇంజన్ అందుకుంటుంది, ఎందుకంటే సోలెనాయిడ్ వైపు నుంచి కరెంటు వస్తోంది. కీ వదిలిన క్షణం చచ్చిపోతుంది. ఎవడో మెకానిక్ ఐదు నిమిషాల్లో ఎర్ర వైరు లాగి బండి నడిపించి ఇచ్చాడు. కాయిల్ మార్చాలని అతనికీ తోచలేదు, ఓనర్‌కీ తోచలేదు. బండి నడిచింది కదా, ఇంకేం కావాలి! తర్వాత అమ్మేశాడు. పాపం మీ నెత్తిన పడింది.

బీటిల్_నీలం
కాయిల్‌కి నల్ల పెయింట్ కొట్టింది కూడా దాని మీద రాసున్న బ్యాలస్ట్ మాట కనబడకూడదనేనేమో!

నల్ల_చేతులు
అంత తెలివుంటే కాయిలే మార్చేవాడు.

రబ్బరు_బంపర్
ఇప్పుడు రెండు దారులు కనిపిస్తున్నాయి. 3 ఓమ్స్ కాయిల్ కొని ఎర్ర వైరు అలాగే ఉంచడం. లేదా బయట ఒక బ్యాలస్ట్ రెసిస్టర్ పెట్టి 1.5 కాయిల్ కొనడం. ఏది మేలు?

ఓమ్_శాంతి
3 ఓమ్స్ కాయిల్. వైరు ఒకటి, అనుమానం లేదు. సోలెనాయిడ్ నుంచి వచ్చే తెలుపు-ఆకుపచ్చ వైరు ప్లస్‌కి ఉన్నా నష్టం లేదు, సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంకో దారిలో అదే బ్యాటరీ కరెంటు వస్తుంది, అంతే. వద్దనుకుంటే తీసి కొసకి ఇన్సులేషన్ వేయండి. ఆ వైరు గాల్లో వేలాడితే మాత్రం సెల్ఫ్ కొట్టినప్పుడల్లా దానిలో కరెంటు ఉంటుంది, బాడీకి తగిలితే షార్ట్.

మైనర్_తాతయ్య
నేను ఒప్పుకోను. ఫ్యాక్టరీ వాళ్లు పిచ్చివాళ్లు కాదు. గడ్డకట్టే చలిలో బ్యాటరీ సగం దిగినప్పుడు బ్యాలస్ట్ విలువ తెలుస్తుంది. పింగాణీ రెసిస్టర్ ఒకటి తెచ్చి ఫెండర్ రేకు మీద బిగిస్తే పనైపోతుంది. సోలెనాయిడ్ వైరు ఎలాగూ బతికే ఉంది. బండిని ఎలా పుట్టిందో అలా ఉంచడం ఒక ధర్మం.

ఓమ్_శాంతి
మీ మోరిస్ మైనర్ కారుకి బ్యాలస్ట్ ఉందా తాతయ్యా?

మైనర్_తాతయ్య
లేదు. అందుకే చలికాలంలో హ్యాండిల్ తిప్పుతున్నా.

పాయింట్_గ్యాప్
:))

నా ఓటు 3 ఓమ్స్‌కే. బ్యాలస్ట్ మంచిదే, కాదనను. కానీ రెసిస్టర్, దాని రెండు కనెక్షన్లు, బైపాస్ వైరు, ఇన్ని చోట్ల తుప్పు పట్టొచ్చు. రోడ్డు పక్కన చీకట్లో వెతకాల్సినవి ఎంత తక్కువుంటే అంత మంచిది.

చోక్_లాగు
సరే 3 ఓమ్సే. మరి నేను మొదట చెప్పిన స్పోర్ట్స్ కాయిల్ కూడా 3 ఓమ్స్‌లో వస్తుంది. 40,000 వోల్టులు ఊరికే వస్తుంటే 25,000 ఎందుకు కొనడం?

ఓమ్_శాంతి
ఎందుకంటే వోల్టేజీ ఎంతుండాలో తేల్చేది కాయిల్ కాదు, ప్లగ్గు. పాయింట్లు తెరుచుకోగానే వోల్టేజీ పెరుగుతూ పోతుంది, ప్లగ్ గ్యాపు దాటగలిగే చోట స్పార్క్ దూకేస్తుంది. 0.6 మిల్లీమీటర్ల గ్యాపుకి మామూలుగా పదివేలకు అటూ ఇటూ చాలు. దూకాక ఇంకా పెరగడమనేది లేదు. మిగతాదంతా డబ్బా మీది అక్షరాలే. గ్యాపు పెంచినా, కంప్రెషన్ బాగా పెంచిన ఇంజనైనా అప్పుడు ఆ మిగులు పనికొస్తుంది.

చోక్_లాగు
నాది పెట్టగానే బండి స్టార్టింగ్ మారిపోయింది మరి. కళ్లారా చూసింది అబద్ధమా?

నల్ల_చేతులు
అబద్ధం కాదు. పాత కాయిల్ చావబోతుంటే కొత్తది ఏది పెట్టినా అలాగే ఉంటుంది. చెప్పులు అరిగి కాళ్లు కాలుతున్నవాడికి ఏ కొత్త జోడైనా పట్టు పరుపే.

చోక్_లాగు
ఒప్పుకోను గానీ పోలిక బాగుంది.

ఓమ్_శాంతి
స్పోర్ట్స్ కాయిల్ చెడ్డదని నేననలేదు. 3 ఓమ్స్ ఉంటే పెట్టుకోండి, ఏమీ కాదు. పేరు స్పోర్ట్స్ అయి, రెసిస్టెన్స్ 1.5 ఉన్నవి కూడా ఉన్నాయి, భయం వాటితోనే. డబ్బా మీద ఓమ్స్ రాయనిదాన్ని కొనకండి. రాసి ఉన్నా ఇంటికొచ్చాక కొలవండి.

కొత్త_స్పానర్
ఇక్కడ చాలా నేర్చుకుంటున్నా. ఒక డౌటు. నేను పాయింట్లు తీసేసి క్యాప్ లోపల పట్టే చిన్న ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పెట్టా. అప్పుడు తక్కువ ఓమ్స్ కాయిల్ పెట్టుకోవచ్చా? కాలడానికి పాయింట్లు లేవు కదా.

పాయింట్_గ్యాప్
పాయింట్లు లేవు, కానీ వాటి బదులు ట్రాన్సిస్టర్ కాలుతుంది. పాయింట్లయినా నీలంగా మారి చెప్పి చస్తాయి, ఇది చెప్పకుండా చస్తుంది. మాడ్యూల్ కాగితంలో "కనీసం ఇన్ని ఓమ్స్" అని ఉంటుంది, నాలుగు సిలిండర్ల వాటికి తరచూ 3 ఉంటుంది. అదే లెక్క. ఇంకోటి, బ్యాలస్ట్ ఉన్న బండి అయితే మాడ్యూల్ ఎర్ర వైరుని కాయిల్ ప్లస్‌కి కాకుండా బ్యాలస్ట్‌కి ముందు వైపు కలపాలి. లేకపోతే దానికి పూర్తి వోల్టేజీ అందక పిచ్చి పిచ్చిగా ఆడుతుంది.

కొత్త_స్పానర్
పిచ్చి పిచ్చిగానే ఆడుతోంది. ఇప్పుడే వెళ్లి చూస్తా.

మైనర్_తాతయ్య
కొత్త కాయిల్ బిగించేటప్పుడు ప్లస్ మైనస్ తారుమారు చేయకండి. మారినా బండి నడుస్తుంది, అదే దాంతో వచ్చిన చిక్కు. ప్లగ్గు మధ్యలో ఉండే ఎలక్ట్రోడ్ బాగా వేడిగా ఉంటుంది, వేడి లోహం నుంచి ఎలక్ట్రాన్లు సులువుగా బయటికొస్తాయి. అందుకే మధ్యది నెగటివ్ ఉండాలి. తిరగేస్తే అదే స్పార్క్‌కి ఎక్కువ వోల్టేజీ కావాలి. మామూలుగా తెలియదు, ఎత్తు ఎక్కేటప్పుడు మిస్సింగ్ కొడుతుంది.

నా బండి మొదట పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ బాడీకి కలిపిన రకం. కాయిల్ మీద ప్లస్ మైనస్‌లు ఉండవు, ఎస్‌డబ్ల్యూ, సీబీ అని ఉంటాయి. ఒకటి కీ వైపు, ఇంకోటి పాయింట్ల వైపు. నెగటివ్ ఎర్త్‌కి మార్చినప్పుడు బ్యాటరీ తిప్పా, డైనమో మళ్లీ పోలరైజ్ చేశా, కాయిల్ వైర్లు మాత్రం "పేరు రాసే ఉంది కదా" అని అలాగే వదిలేశా. నిజానికి వాటినీ అటుదిటు ఇటుదటు మార్చాలి. రెండేళ్లు ఎత్తుల మీద దగ్గుతూనే నడిచింది.

చివరికి పెన్సిల్‌తో పట్టుకున్నా. ప్లగ్ వైరు కొంచెం పైకి లాగి, వైరుకీ ప్లగ్గుకీ మధ్య చెక్కిన పెన్సిల్ ములుకు ఉంచి, ఇంజన్ తిరుగుతుండగా చీకట్లో చూడాలి. ములుకు దగ్గర నిప్పురవ్వల తోక ప్లగ్గు వైపు లేస్తే సరిగ్గా ఉన్నట్టు. వైరు వైపు లేస్తే తిరగబడినట్టు. వైరుని మాత్రం చేత్తో పట్టుకోకండి, ఇన్సులేషన్ ఉన్న పట్టకారుతోనే.

బీటిల్_నీలం
చేత్తో పట్టుకున్నవాణ్ణి నేను. ఆ రోజు మోచెయ్యి బానెట్‌కి కొట్టుకున్న నొప్పే షాక్ కంటే ఎక్కువ.

జర్మన్ కాయిల్స్ మీద ప్లస్ మైనస్ బదులు 15, 1 అని ఉంటాయి. 15 కీ వైపు, 1 పాయింట్ల వైపు. పైన వైరు దూర్చేది 4.

రబ్బరు_బంపర్
కొనేముందు ఇంకేమైనా చూడాలా? కాయిల్ పైన వైరు దూరే చోటు అన్నిటికీ ఒకేలా ఉంటుందా?

పాయింట్_గ్యాప్
ఉండదు. కొన్నిట్లో వైరు నేరుగా దూర్చి నొక్కాలి, బాగా పాతవాటిలో స్క్రూతో బిగించే రకం. వైరు ఒక రకం, కాయిల్ ఒక రకం వస్తే పైకి కూర్చున్నట్టే ఉంటుంది గానీ లోపల అరంగుళం గాలి. అక్కడ స్పార్క్ కొట్టి కొట్టి మూతి బొగ్గవుతుంది. డబ్బా లావు కూడా చూసుకోండి, మీ పట్టీలో పట్టాలి. వదులైతే సైకిల్ ట్యూబు చుట్టేవాళ్లను చూశా. చుట్టకండి, డబ్బా వేడి ఆ పట్టీ గుండానే బాడీలోకి దిగాలి.

రేడియో గోల తగ్గించడానికి పెట్టే చిన్న కండెన్సర్ డబ్బా ఉంటే అది ప్లస్ వైపు ఉండాలి. మైనస్‌కి పెడితే పాయింట్ల కండెన్సర్‌కి తోడై స్పార్క్ చెడగొడుతుంది. మైనస్‌కి ఉండాల్సినవి డిస్ట్రిబ్యూటర్ వైరు, మీ మీటర్ ఆ రకమైతే ఆర్‌పీఎం మీటర్ వైరు. అంతే.

రబ్బరు_బంపర్
(వారం తర్వాత) 3 ఓమ్స్ మామూలు కాయిల్ కొన్నా. ఇంటికొచ్చి కొలిచా: 3.1. కొత్త పాయింట్లు వేసి గ్యాపు 0.38 మిల్లీమీటర్లకు పెట్టా. నిన్న గంటంపావు తిప్పా. ఆగలేదు! కాయిల్ మీద చెయ్యి పెట్టి పది లెక్కపెట్టా, గోరువెచ్చనికి కాస్త పైన.

కానీ కొత్తగా ఒకటి మొదలైంది. 3000 ఆర్‌పీఎం దాటితే మిస్సింగ్. నడుము పట్టుకుని ఊపినట్టు. కాయిల్ డూప్లికేట్ ఏమో అని భయంగా ఉంది.

నల్ల_చేతులు
కండెన్సర్ మార్చావా?

రబ్బరు_బంపర్
లేదు. పాయింట్లే మార్చా. కండెన్సర్ అప్పటికి ఆరు నెలలదే.

నల్ల_చేతులు
నేను మొదటి రోజే ఏం చెప్పా? నాలుగు నెలలకే పాయింట్ల మీద గుంటా మొటిమా లేచిందంటే ఎక్కువ కరెంటు ఒక కారణం, కండెన్సర్ రెండో కారణం.

రాత్రి లైట్లు ఆర్పి క్యాప్ తీసి, ఎవరినైనా సెల్ఫ్ కొట్టమను. పాయింట్ల మధ్య మెరుపు చూడు. సూదిమొన అంత, కనబడీ కనబడనట్టు ఉంటే మంచిది. తెల్లగా నీలంగా చిటచిటమని వెల్డింగ్‌లా కొడితే కండెన్సర్ పోయినట్టే. పాయింట్ల దగ్గర ఆ మంటలో ఖర్చయ్యే శక్తే నీకు ప్లగ్గులో రావలసింది.

ఓమ్_శాంతి
నల్ల_చేతులు గారికి నా నమస్కారం. మారుస్తున్నప్పుడు రోటర్ కూడా ఒకసారి చూడండి. మధ్య ఇత్తడి రేకు కింద రివెట్ ఉండి, అది షాఫ్ట్‌కి మరీ దగ్గరగా ఉంటే స్పార్క్ రోటర్‌ని తొలుచుకుని షాఫ్ట్‌లోకి దిగిపోతుంది. రివెట్ లేని రకం దొరికితే అదే వేయండి.

రబ్బరు_బంపర్
రాత్రి చూశాం. వెల్డింగే! మా ఆవిడ సెల్ఫ్ కొడుతూ "అబ్బ, లోపల దీపావళి" అంది.

మైనస్ దగ్గర బయట బిగించేలా కొత్త కండెన్సర్ పెట్టా, పాతది లోపల నుంచి తీసేశా. రోటర్‌కి రివెట్ లేదు, అది బాగానే ఉంది. పొద్దున రెండు గంటలు తిప్పి వచ్చా. 4500 దాకా లాగా. ఒక్క దగ్గు లేదు.

చోక్_లాగు
బంగారు రంగు కాయిలయితే 5000 పోయేది.

రబ్బరు_బంపర్
పాత 1.4 ఓమ్స్ కాయిల్ పారేయనా, స్పేర్‌గా డిక్కీలో ఉంచుకోనా?

మైనర్_తాతయ్య
మూతి నుంచి ఆయిల్ కారింది కదా. స్పేర్‌కి అది పనికిరాదు. ఉంచుకుంటే ఎప్పుడో ఒకరోజు తొందరలో నువ్వే బిగిస్తావు. మంచిది ఇంకోటి కొని పెట్టుకో.

పాయింట్_గ్యాప్
కొన్నదాని మీద ఓమ్స్ పెయింట్‌తో రాయండి. పెద్ద అక్షరాలతో.

రబ్బరు_బంపర్
డిక్కీలో పెట్టబోయే కొత్తదాని మీద రాశా. బండిలో ఉన్నదాని మీద కూడా రాశా: "3.1 ఓమ్స్. బ్యాలస్ట్ లేదు. ఎర్ర వైరు నేరుగా." కింద కొంచెం చోటు మిగిలితే మా ఆవిడ "తోయబడును" అని చేర్చింది.

కొత్త_స్పానర్
నా మాడ్యూల్ వైరు బ్యాలస్ట్‌కి ముందు వైపు కలిపా. సరిగ్గా ఆడుతోంది. కానీ కాయిల్ మీద 15, 1 అని ఉన్నాయి, నేను 1 అంటే మొదటిది, ప్లస్ అనుకుని పెట్టా. పెన్సిల్ వెతుకుతున్నా.